పోగు తెగలేదుగా

మా ఊరి పేరు వూచ్. ఆ మాటకి అర్థం పడవ.
పడవ తిరిగేంత ఏరు మాత్రం లేదు.
నూలు మిల్లులుండేవి. ఇప్పుడవే హోటళ్లు, సినిమా హాళ్లు.
నాలుగో అంతస్తులో గెనొవేఫా ఉంటుంది,
ఆమె కింద నేను. మా ఇద్దరి మధ్యా
ఒక సిమెంటు పలక, దాని మీద ఊగిపోయే
ఒక బట్టలుతికే మిషను.

ఒకప్పుడు పన్నెండు మగ్గాలు ఒక్కతే చూసుకునేది.
ఆ హోరులో మాట వినపడదు గనక
పెదాలు చదవడం నేర్చుకున్నారట అక్కడి ఆడవాళ్లంతా.
ఇప్పటికీ నాతో మాట్లాడితే
నా కళ్లలోకి కాదు, మీసం కిందికి చూస్తుంది.

ఇల్లంతా చీటీలు.
కూతురు ఇవోనా ఆదివారాలొచ్చి అంటించి పోతుంది:
'ఇది నొక్కు.' 'ఇది నొక్కకు.'
'నొక్కాక ఆగు.'
టీవీ రిమోట్ మీద ఒక్క బొత్తానికి ఎర్ర గోళ్లరంగు,
మిగతావాటికి ప్లాస్టరు, దెబ్బలకి వేసినట్టు.
మాత్రల డబ్బా ఎనిమిదింటికి మాట్లాడుతుంది.
"అలాగేనమ్మా" అని మర్యాదగా బదులిస్తుంది.
మాత్ర మాత్రం అలాగే ఉంటుంది.

వీధి తలుపుకి నాలుగంకెల కోడు.
నవంబరులో ఒక సాయంత్రం
రొట్టె సంచితో నిలబడి నొక్కి చూస్తోంది,
పెళ్లయిన ఏడాది, మొగుడు పోయిన ఏడాది,
తన మగ్గాల నంబర్లు.
వెనక నేను.
చెప్పెయ్యొచ్చు. కాసేపు చెప్పలేదు.
ఎందుకో నాకిప్పటికీ తెలీదు.
చలికి ఆమె చెవులు కందాయి, అప్పుడన్నాను,
"నా వేళ్లు తిమ్మిరెక్కాయి, మీరే నొక్కండి, ముందు ఏడు..."

మార్చిలో ఆస్పత్రి నుంచి కొర్నేలియా అనే అమ్మాయి వచ్చింది.
ఒక ఫారం, ఒక పెన్ను, మెత్తటి గొంతు.
తోడుకి నన్నూ కూర్చోమన్నారు.
"రోజూ వాడే వస్తువుతో ఏదైనా ఒక పని చేసి చూపిస్తారా?"
గెనొవేఫా కాఫీ మిషను దగ్గరికెళ్లింది.
నీళ్లు పోసింది. పొడి మరిచింది.
కప్పులోకి వేడినీళ్లు దిగాయి.
రంగులేని ఆ కాఫీ వైపు ముగ్గురం చూశాం.
పెన్ను కదిలింది.

సరిగ్గా అప్పుడే స్నానాలగదిలో మిషను
బట్టలు పిండడం మొదలెట్టింది.
ఆమె తల ఒక పక్కకి వాలింది.
వెళ్లి దాని వీపు మీద అరచెయ్యి ఆనించి,
దూడ ఒళ్లు వెచ్చబడిందేమో చూసినట్టు చూసి,
"లోపలి బేరింగు పోతోంది.
ఇంకో నెల లాగుతుంది. ఆపైన కీచుమంటుంది" అంది.

కొర్నేలియా ఫారం అటూ ఇటూ తిప్పింది.
దానికి గడి లేదు.
అంచున ఏదో రాసుకుంది, చిన్న అక్షరాల్లో.

నెల కాదు, నెలన్నర పట్టింది.
ముందు నాకే వినపడింది, కింద ఉన్నవాణ్ణి కదా.
మెకానిక్ విప్పి చూసి లోపలిదే అన్నాడు, రిపేరు దండగన్నాడు.
ఇవోనా కొత్తది కొంది. దానికి పదహారు లైట్లు,
ఉతకడం అయ్యాక ఒక చిన్న పాట.
ఆ పాట వినగానే గెనొవేఫా వెళ్లి తలుపు తీస్తుంది.
ఎవరూ ఉండరు.
అయినా "రండి" అంటుంది.

ఆమె ఫోనుకి అంకెల్లేవు, నాలుగు ఫోటోలున్నాయి.
కింద కుడివైపున్నది నాది, టోపీ పెట్టుకున్న పాత ఫోటో.
రోజూ రాత్రి పదింటికి మోగుతుంది.
"ఏం లేదు. పోగు తెగలేదుగా అని."
"తెగలేదు."
"సరే అయితే."
పెట్టేస్తుంది. ఒక్కోసారి పెట్టడం మరిచిపోతుంది.
అలాంటి రాత్రి నేనూ పెట్టను.
ఆమె చెప్పుల చప్పుడు
ఒకసారి పైకప్పు మీద,
ఒకసారి నా చెవిలో,
రవ్వంత ఆలస్యంగా.